కట్టిన ఇంజన్‌లో ప్రెషర్ యాడికి పోయింది?

నలభై ఏళ్ళకు పైగా ఇంజన్లు విప్పాను, కట్టాను. ఇప్పుడు మోకాళ్ళు బండి కింది గుంతలోకి దిగమంటే ససేమిరా అంటున్నాయి కాబట్టి ఇంట్లో కూర్చుని కాగితాలు నలుపు చేస్తున్నాను. పుదుచ్చేరి ముదలియార్‌పేటలో మాది తాతల నాటి నుంచి తెలుగు ఇల్లే. కానీ మా ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం వచ్చేది కాదు. నాకు అక్షరాలు నేర్పింది నా భార్య సరోజ. ఆమెది నాయుడుపేట. నేను 'యాడ' అని రాస్తే ఆమె 'ఎక్కడ' అని దిద్దింది. 'ఏంది' అని రాస్తే 'ఏమిటి' అంది. సరే, నా రాతను నీ ఇష్టమొచ్చినట్టు దిద్దుకో, మనుషుల మాటల మీద మాత్రం చెయ్యి వెయ్యకు అని చెప్పాను. అందుకే ఇందులో నేను పుస్తకంలాగా మాట్లాడతాను, మిగతావాళ్ళు మనుషుల్లాగా మాట్లాడతారు.

నాకు మేస్త్రీ పదవి ఎప్పుడొచ్చింది, ఎవరు శాలువా కప్పారు, ఇవన్నీ మీకెందుకు? షెడ్డులో కొత్తగా చేరే మీకు పనికొచ్చేది ఒకటే ఉంది. నేను ఎక్కడెక్కడ తప్పు చేసి తల దించుకున్నానో అది. అలాంటివి బోలెడున్నాయి. అన్నిటికంటే పెద్దది ఒక కొత్తగా కట్టిన ఇంజన్ దగ్గర జరిగింది. విచిత్రమేమిటంటే నా పనిలో నేను అంత సంతోషంగా ఇంటికి వెళ్ళిన రోజు కూడా అదే.

ముందు సూదిని అనుమానించండి

దాని కంటే ముందు ఒక చిన్న సంగతి చెప్పాలి. నేను మేస్త్రీనయిన కొత్తలో తేంగాయితిట్టు హార్బరు నుంచి ఒక చేపల వ్యాను వచ్చింది. ఆయిల్ ప్రెషర్ లేదని చెప్పే ఎర్ర లైటు వెలుగుతూ ఉంది. నేను కొత్త మేస్త్రీని కదా, చేతులు ఊరుకోవు. ఇంజన్ దించేశాను. రెండు రోజులు విప్పి బేరింగులన్నీ చూశాను. అన్నీ బంగారంలా ఉన్నాయి. మళ్ళీ కట్టి స్టార్ట్ చేస్తే లైటు అలాగే వెలుగుతోంది. పక్కన బీడీ తాగుతున్న వ్యాను డ్రైవరు నెమ్మదిగా అడిగాడు.

"ఆ స్విచ్చు మార్చి చూస్తివా అన్నా?"

ప్రెషర్ పడిపోతే లైటు వెలిగించే ఆ స్విచ్చు మార్చాను. లైటు ఆరిపోయింది. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆ డ్రైవరు నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇంకా నొప్పి పుట్టించింది.

అప్పటినుంచి నా పద్ధతి మారింది. ప్రెషర్ లేదని లైటు చెప్పినా, డ్యాష్‌బోర్డులో సూది చెప్పినా నమ్మను. ఆ స్విచ్చు విప్పి, అదే రంధ్రంలో చేతి గేజి బిగించి, ఇంజన్‌నే నేరుగా అడుగుతాను. మీరూ అలాగే చెయ్యండి. రెండు నిమిషాల పనికి బద్ధకించి రెండు రోజుల పని నెత్తిన వేసుకోకండి.

మా మొదలాళి, ధనం, ఒక క్రాంకు

నేను చివరి పదిహేనేళ్ళు పనిచేసింది నెల్లితోపు దగ్గర రంగనాథంగారి షెడ్డులో. బజారులో వాళ్ళకు స్పేర్ పార్టుల దుకాణం, ఇక్కడ షెడ్డు. యజమానిని మేం మొదలాళి అంటాం. మా మొదలాళి మంచివాడు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే తనే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళే రకం. ఆయనతో వచ్చిన చిక్కంతా నోటితోనే. మనసులో అనుకున్నది అదే నిమిషంలో నాలుగు వీధులకు తెలిసిపోవాలి.

ధనం క్రాంకులు గ్రైండింగ్ చేసే మనిషి. ఆమెదీ మా లాగే తెలుగు ఇల్లు. ఆ మిషన్ ఆమె భర్త శేఖర్‌ది. ఇరవై ఏళ్ళు నడిపాడు. పక్షవాతం వచ్చి అతనికి కుడి చెయ్యి పడిపోయాక ఆమె మిషన్ ముందు నిలబడింది. అన్నేళ్ళు పక్కనుండి చూసిన పని, చేతులకు బాగా పట్టుబడింది. కానీ ఊళ్ళో మేస్త్రీలకు నమ్మకం కుదరలేదు. ఆడమనిషికి క్రాంకు ఇచ్చేదా అని ఒకడు, చూద్దాంలే అని ఒకడు. పని పల్చబడింది. విల్లుపురం వాళ్ళెవరో వచ్చి మిషన్ కొంటామని అడిగి వెళ్ళారు.

అలాంటి సమయంలో వైట్ టౌన్‌లో గెస్ట్ హౌస్ నడిపే ఒకాయన పాత పెట్రోలు కారు మా షెడ్డుకు వచ్చింది. ఇంజన్ మొత్తం విప్పి కట్టాలి. క్రాంకు నేను ధనం దగ్గరికే పంపాను. మా షెడ్డు నుంచి ఆమెకు వెళ్ళిన మొదటి పని అది. మా షెడ్డు ఇస్తే మిగతావాళ్ళూ ఇస్తారు, ఈ ఊళ్ళో లెక్క అంతే.

ఈ పని కొత్తవాళ్ళకు అర్థం కావాలి కాబట్టి చెబుతున్నాను. క్రాంకు అంటే ఇంజన్ లోపల తిరిగే ఇరుసు. అరిగిన చోట సమంగా సాన పట్టి కాస్త సన్నం చేస్తారు, దానికి తగ్గట్టు మందం ఎక్కువున్న బేరింగులు వేస్తాం. ఇరుసుకూ బేరింగుకూ మధ్య ఆయిల్ నిలబడే సందు ఉంటుంది. ఆ ఇంజన్‌కి రెండు థౌ ఉండాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. సాన పట్టేవాళ్ళు చెయ్యి జారి ఎక్కువ తీసేస్తే సందు పెద్దదవుతుంది, ఆయిల్ నిలబడకుండా జారిపోతుంది, ప్రెషర్ పడిపోతుంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరం.

ఆయుధపూజ రోజు

క్రాంకు వచ్చింది. బ్లాకులో ఆయిల్ వెళ్ళే పొడుగాటి దారి ఉంటుంది, దాన్ని గ్యాలరీ అంటాం. దానికి రెండు చివరలా మర బిరడాలుంటాయి, వాటిని గ్యాలరీ ప్లగ్గులంటాం. పాత మడ్డి పోవాలని రెండు ప్లగ్గులూ విప్పి లోపల బ్రష్ పెట్టి తోమాను. క్రాంకు కూర్చోబెట్టాను. ఇంజన్ ముందు భాగం కట్టడం మొదలుపెట్టాను. ఆ రోజు ఆయుధపూజ.

ఆయుధపూజ నాడు మా షెడ్డును చూడాలి. గేటుకు రెండు వైపులా అరటి పిలకలు, ప్రతి మిషన్‌కూ చందనం, కుంకుమ. బొరుగులు, పుట్నాలు, బెల్లం కలిపి పొట్లాలు కడుతూ మొదలాళి ఇంటి ఆడవాళ్ళు. స్పానర్లన్నీ తెచ్చి దేవుడి ముందు పేర్చాలి. పెట్టాక మర్నాడు మళ్ళీ పూజ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. మొదలాళి వాళ్ళ ఇంటి ఆచారం ఇంకొకటి ఉంది. పనివాళ్ళలో ఒక్కొక్కరూ ఒక్కో చిన్న పనిముట్టు దేవుడి అలమారలోనే వదిలెయ్యాలి. అది మళ్ళీ ఏడాది ఆయుధపూజ దాకా అక్కడే ఉంటుంది. అది మన తరఫున అమ్మవారి దగ్గర డ్యూటీ చేస్తుందని మొదలాళి వాళ్ళ నాన్న చెప్పేవారట.

నేను ఇంజన్ ముందు గొంతుక్కూర్చుని ఉంటే మొదలాళి గేటు దగ్గర్నుంచి కేక పెట్టాడు.

"మేస్త్రీ! యమగండం వస్తా ఉండాది. ఇంకా ఏంది ఆ ఇంజన్‌ను పట్టుకోని? అన్నీ తెచ్చి పెట్టు!"

గబగబా లేచాను. చేతిలో ఉన్నవీ, బల్ల మీద ఉన్నవీ పళ్ళెంలో పోసుకుని తీసుకెళ్ళి పెట్టేశాను. పూజ అయింది. గుమ్మడికాయ పగిలింది. అలమారలో ఉంచడానికి నా వంతుగా ఒక ఎల్ కీ ఇచ్చాను. కొన ఆరు పలకలుగా ఉండే చిన్న వంపు కడ్డీ అది.

రెండు రోజులు సెలవు. మూడో రోజు పొద్దున నాతోపాటు పనిచేసే మురుగన్ అడిగాడు. నలభై దాటిన మనిషి, నాకు కుడిభుజం.

"అన్నా, ముందర కవర్ మూసేద్దామా? లోపల అంతా సరేనా?"

"అంతా అయింది. మూసెయ్," అన్నాను.

మొదటి స్టార్ట్

ఇంజన్ కారులోకి ఎక్కింది. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్. కర్పూరం వెలిగించి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి, తాళం తిప్పాను. ఒక్క దెబ్బకు అందుకుంది. మొదలాళి చప్పట్లు కొట్టాడు. ఎర్ర లైటు మాత్రం ఆరలేదు. పదికి లెక్కపెట్టి ఆపేశాను.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, కాసేపు తిరగనిస్తే అదే సర్దుకుంటుందిలే అని వదిలెయ్యడం. సర్దుకోదు. ఆయిల్ అందని బేరింగు కాలిపోతుంది. లైటు ఆరకపోతే ఇంజన్ ఆపండి. ఎవరు పక్కన నిలబడి ఏం చెప్పినా వినకండి.

స్విచ్చు విప్పి చేతి గేజి పెట్టాను. ఈసారి లైటు అబద్ధం చెప్పడం లేదు. మూడు నాలుగు కిలోలు చూపాల్సిన సూది చల్లగా ఉన్నప్పుడే కిలోకు తక్కువ చూపింది. కాస్త వేడెక్కేసరికి ఇంకా కిందికి జారింది. పైన వాల్వులను తెరిచే ట్యాపెట్లు ఆయిల్ అందక టకటకలాడుతున్నాయి.

"చిక్కటి ఆయిల్ పోసి పంపించెయ్ మేస్త్రీ. సుమ్మా, ఊరికే ఎందుకు విప్పేది?" అన్నాడు మొదలాళి.

చిక్కటి ఆయిల్ పోస్తే సూది కొంచెం లేస్తుంది, నిజమే. జబ్బు ఉన్నచోటే ఉంటుంది. అలా పంపిన బండి నెల తిరక్కుండా తాడు కట్టించుకుని వస్తుంది. నేను ఒప్పుకోలేదు. అది ఒక్కటీ నేను సరిగ్గా చేశానని ఇప్పటికీ గర్వంగా ఉంది.

ఇంజన్ మళ్ళీ దించి స్టాండు మీద పెట్టాం. కింద ఆయిల్ తొట్టి విప్పి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాం. ఆయిల్ పీల్చుకునే గొట్టం దగ్గర గాలి దూరుతోందా? లేదు. ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకునే వాల్వు ఇరుక్కుపోయిందా? వేలితో నొక్కితే హాయిగా ఆడుతోంది. పంపు అరిగిందా? కొత్త పంపు. మొదలాళి నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ చూస్తూ తేల్చేశాడు.

"ఇంకేముండాది? క్రాంకే. ఆ యమ్మ ఎక్కువ కోసేసింది. నేను అప్పుడే అనుకొంటి. కాదా మేస్త్రీ?"

నేను తల ఊపాను.

ఆ తల ఊపడం గురించి మీకు గట్టిగా చెప్పాలి. నేను కొలవలేదు. కొలిచే సాధనం నా పెట్టెలోనే ఉంది. రెండు రోజులుగా బుర్ర వేడెక్కిపోయి ఉంది, ఎవరిదో ఒకరి తప్పని తేలితే చాలనిపించింది. అది నా తప్పు కాకపోతే ఇంకా మంచిదనిపించింది. మేస్త్రీ తల ఊపితే షెడ్డులో అది తీర్పు. మొదలాళి అక్కడికక్కడే ఫోన్ తీసి మూడు షెడ్లకు చెప్పేశాడు. ధనం దగ్గరికి క్రాంకు పంపొద్దండి, మా ఇంజన్ పోయింది అని. వద్దని నేను అడ్డుపడలేదు.

"మీ దాంతోనే కొలవండి"

మర్నాడు పొద్దున, అది గురువారం, ధనం స్కూటీ వేసుకుని వచ్చింది. గేటు దగ్గర బండి ఆపి సరాసరి లోపలికి వచ్చి ఇంజన్ స్టాండు పక్కన నిలబడింది. ముఖం ఎర్రబడి ఉంది.

"వరదన్నా, నా క్రాంకు సరిలేదని నువ్వే చెప్తివంటనే?"

అడిగింది నన్ను. మొదలాళి అందుకున్నాడు.

"ఇదో చూడమ్మా, కోపం ఎందుకు? ప్రెషర్ లేదు. అన్నీ చూసేసినాం. నీ పనిదాన్లోనే ఏదో..."

"కొలిచినారా?"

మొదలాళి నా వైపు చూశాడు.

"కొలవకుండానే మూడు షెడ్లకు ఫోన్ కొట్టినారు. ఇంక పని రాదని నిన్న రాత్రి సరే అంటిమి, రేపు విల్లుపురం వాళ్ళు వస్తారు, మిషన్ ఎత్తుకోని పోయేదానికి. మా ఆయన రాత్రంతా నిద్ర లేదు. నా పని తప్పయితే నేనే ఆ మిషన్‌ను ఎత్తించి పంపేస్తా. కండిప్పా, తప్పకుండా పంపిస్తా. కానీ నా కళ్ళ ముందర కొలవండి."

ఆమె చేతిలో తన మైక్రోమీటరు డబ్బా ఉంది. మురుగన్ దానికోసం చెయ్యి చాపితే వెనక్కి తీసుకుంది.

"నాది వద్దు. మళ్ళ నా కొలత దొంగదంటారు. మీ దాంతోనే కొలవండి."

నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. లేచి నా పెట్టె తెరిచాను. ఒక్కో బేరింగు కప్పు విప్పుతూ, క్రాంకు కొలుస్తూ, ఆ అంకె గట్టిగా పైకి చెబుతూ వచ్చాను. మురుగన్ సుద్దముక్కతో నేల మీద రాశాడు. తర్వాత ప్రతి బేరింగులోనూ మెత్తటి ప్లాస్టిక్ కొలత దారం పెట్టి, కప్పు బిగించి, అది ఎంత నలిగిందో దాన్ని బట్టి సందు చూశాను. రెండు. రెండు. రెండు. ఒక చోట రెండుకు ఆవగింజంత తక్కువ. మొదటి నుంచి చివరి దాకా ఒకే చేత్తో గీసినట్టుంది. అంత సమంగా పట్టిన సాన నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని సార్లే చూశాను.

"ధనం," అన్నాను, "నీ పనిలో ఒక్క వంక లేదు. నేనే కొలవకుండా తల ఊపినా. తప్పు నాదే తల్లీ."

ఆమె కళ్ళు తుడుచుకుంది. అయినా వెళ్ళలేదు. బోర్లించిన డబ్బా మీద కూర్చుంది.

"సరి. మళ్ళ ప్రెషర్ యాడికి పోయింది? అది చూసే పోతా."

మా మొదలాళి అప్పుడన్నా ఊరుకోవచ్చు కదా. "ఇదేం సినిమానా కూర్చోని చూసేదానికి," అని గొణిగి, ఆమె తిరిగి చూడగానే టీ చెప్పడానికి బయటికి వెళ్ళాడు.

మందు కొట్టే స్ప్రేయర్

ఆయిల్ ఎక్కడికి పోతోందో చూడాలంటే ఇంజన్ ఆగి ఉండగానే దాన్లోకి ఆయిల్ కొట్టాలి. దానికి పెద్ద కంపెనీల్లో మిషన్లుంటాయి. మనకు బాహూరు వైపు పొలాల్లో పురుగుమందు కొట్టే స్ప్రేయర్ చాలు. భుజానికి తగిలించుకుని చేత్తో పంపు కొట్టేది. పక్క వీధిలో కొత్తది ఒకటి తెప్పించాను. పల్చటి ఆయిల్ నింపి, దాని గొట్టాన్ని ఆయిల్ స్విచ్చు ఉండే రంధ్రానికి బిగించాను. ఇంజన్‌ను నిలువుగా తిప్పి కింద పెద్ద ట్రే పెట్టాం. మురుగన్ పంపు కొట్టడం మొదలుపెట్టాడు. ధనం టార్చిలైటు పట్టుకుంది.

కొద్దిసేపటికి ప్రతి బేరింగు నుంచీ ఆయిల్ బొట్లు బొట్లుగా కారింది. అలాగే కారాలి. అన్నీ ఒకే జోరులో కారుతున్నాయి. నేను వాటినే చూస్తూ ఉన్నాను.

"అన్నా, ఈడ చూడు," అంది ధనం.

ఆమె లైటు ఇంజన్ ముందు వైపు పడి ఉంది. మూసి ఉన్న ముందు కవర్ లోపలి నుంచి ఆయిల్ ధారగా ట్రేలోకి పడుతోంది. బొట్లు కాదు, ధార. మురుగన్‌ను ఆపమని కవర్ విప్పేశాను. "ఇప్పుడు కొట్టు," అన్నాను. కొట్టాడు. టైమింగ్ చక్రం వెనక నీడలోంచి చిటికెన వేలంత లావున ఆయిల్ ఎగిరి వచ్చి నా చొక్కా మీద పడింది.

అక్కడ ఉండాల్సింది గ్యాలరీ ప్లగ్గు. లేదు. గుండ్రటి నల్లటి రంధ్రం మాత్రం ఉంది. పంపు కొట్టిన ఆయిల్‌లో ఎక్కువ భాగం బేరింగుల దాకా వెళ్ళకుండా ఆ రంధ్రంలోంచి దూకి, కవర్ చాటున మళ్ళీ తొట్టిలోకి పోతోంది. బయట ఒక్క చుక్క కారదు, అందుకే ఎవరికీ కనబడలేదు.

టీ గ్లాసులతో వచ్చిన మొదలాళి అది చూశాడు.

"ఎవరు మూసింది ఈ కవరు? మురుగా, నువ్వే గదా? కళ్ళు యాడ పెట్టుకున్నావురా?"

మురుగన్ మొహం పాలిపోయింది. నాకు మాత్రం ఆ రంధ్రం కంటే ఆయుధపూజ ఉదయం ఎక్కువ స్పష్టంగా కనబడుతోంది. ముందు ప్లగ్గును ఎల్ కీ కొనకు గుచ్చి, జారకుండా గ్రీజు రాసి, బిగించడానికి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అప్పుడే యమగండమని కేక వచ్చింది. లేచాను. చేతిలో ఉన్నది ఉన్నట్టే పళ్ళెంలో పెట్టేశాను.

నేరుగా దేవుడి అలమార దగ్గరికి నడిచాను. అందరూ నా వెనకే వచ్చారు. అమ్మవారి పటం ముందు వరసగా ఉన్న పనిముట్లలో నా ఎల్ కీ తీశాను. కొసన ఎండిన చందనం ముద్ద, దాని మీద కుంకుమ బొట్టు. గోటితో గీరితే లోపలి నుంచి ప్లగ్గు బయటపడింది. రోజూ పొద్దున దానికే కర్పూరం చూపించి, ప్రెషర్ రావాలి తల్లీ అని దండం పెట్టుకున్నాం!

ముందుగా నవ్వింది ధనం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నేల మీద కూలబడింది. తర్వాత మురుగన్. నేనూ ఆపుకోలేకపోయాను, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. మొదలాళి మాత్రం అమ్మవారి వైపు చూసి లెంపలు వేసుకున్నాడు.

నవ్వు తగ్గాక చెప్పాను.

"మురుగన్‌ది ఏం తప్పు లేదు మొదలాళి. అంతా అయింది, మూసెయ్ అని చెప్పింది నేను. చేతిలోకి తీసుకుంటే బిగించినట్టే అనుకుంటి. అదే నా తప్పు."

మీకు ఒక మాట. సగం పనిలో లేవాల్సి వస్తే, అది పూజకైనా ఫోనుకైనా, ఆ రంధ్రంలో ఒక ఎర్ర గుడ్డ కుక్కి లేవండి. వచ్చేసరికి మీ జ్ఞాపకం మిమ్మల్ని మోసం చేస్తుంది, ఎర్ర గుడ్డ చెయ్యదు. ఆ రోజు నుంచి మా షెడ్డులో పళ్ళెం దేవుడి ముందుకు వెళ్ళే ముందు దాన్లో ఏమున్నాయో మురుగన్ పైకి చదివేవాడు. మొదలాళి నగుమొహంతో వినేవాడు.

సూది లేచింది

ప్లగ్గు కడిగి, దాని మరలకు ఆయిల్ కారకుండా పట్టే మందు రాసి బిగించాను. ఈసారి బిగించానో లేదో ధనం కూడా చేత్తో ముట్టుకుని చూసింది. ఆమెను వెళ్ళమని ఎవరూ అనలేదు, ఆమె వెళ్ళనూ లేదు. మధ్యాహ్నం మా అందరితో పాటే కూర్చుని అన్నం తిని, సాయంత్రం లోపల ఇంజన్ కారులో ఎక్కేదాకా ఒక చెయ్యి వేసింది. స్ప్రేయర్‌తో ముందే ఆయిల్ దారులన్నీ నింపాను. కట్టిన ఇంజన్‌ను పొడిగా తిప్పకండి, ఇదీ గుర్తుంచుకోండి.

తాళం నేను తిప్పలేదు. ధనం చేతికిచ్చాను.

"నేనా?" అంది.

"నువ్వే. నీ క్రాంకు గదా తిరగాల."

తిప్పింది. గేజి సూది ఒక్క క్షణం కదల్లేదు. ఆ వెంటనే ఎగిరింది చూడండి! ఒకటి, రెండు, మూడు దాటి నాలుగున్నర దగ్గర నిలబడింది. ఎర్ర లైటు ఆరింది. టకటకలు పోయాయి. ఫ్యాను తిరిగేదాకా వేడి చేశాం. పూర్తిగా వేడెక్కాక, నిదానంగా తిరుగుతున్నప్పుడు కూడా రెండుకు తగ్గలేదు. మురుగన్ బానెట్ మీద చరిచి ఈల వేశాడు. నేను ధనం భుజం తట్టాను. అన్నేళ్ళలో ఎన్ని ఇంజన్లు స్టార్ట్ చేసినా ఆ చప్పుడంత తియ్యగా ఏదీ వినబడలేదు.

మొదలాళి మైసూర్‌పాక్ తెప్పించాడు. మొదటి ముక్క ధనానికే ఇచ్చాడు.

"సరిమ్మా, పోయిందేదో పోయింది. మనసులో పెట్టుకోవద్దు."

ఆమె ముక్క తీసుకుంది గానీ తినలేదు.

"పోలేదు మొదలాళి. ఆ మాట ఇంకా మూడు షెడ్లలో ఉండాది. ఎవరికి ఫోన్ చేసినారో వాళ్ళకే మళ్ళ చెయ్యండి. నా ముందర చెయ్యండి."

మొదలాళి నీళ్ళు నమిలాడు. రేపు చేస్తానన్నాడు, నెమ్మదిగా చెబుతానన్నాడు. నేను ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని స్పీకరు పెట్టాను. ఊపిన తల నాది, మాట్లాడాల్సిన నోరూ నాదే.

మొదటి రెండు షెడ్లవాళ్ళు విని సరేనన్నారు. మూడోది లాస్‌పేటలో గోపాల్ షెడ్డు. ఒకప్పుడు నాతో కలిసి పనిచేసినవాడు. నా తప్పు దొరికితే పండగ చేసుకునే మనిషి. ఉన్నదున్నట్టు చెప్పాను. క్రాంకులో ఒక్క లోపం లేదు, ప్లగ్గు నేను పూజలో పెట్టేశాను అన్నాను. ఫోన్‌లోంచి షెడ్డంతా మోగేలా నవ్వాడు.

"ఏందీ? ఇంజన్‌కు కాకుండా దేవుడికి ప్లగ్గు బిగించినావా వరదా? అడ దేవుడా! ఇంక నువ్వు చచ్చేదాకా విడవను నిన్ను!"

"విడవొద్దులే. ముందు క్రాంకు సంగతి విను. రెండు థౌ, మొదలు నుంచి చివరిదాకా. నేను కొలిచినా."

నవ్వు ఆగింది.

"అంతా సమంగానా?"

"అంతా సమంగానే."

"నా దగ్గర రెండు క్రాంకులుండాయి. చెన్నైకి పంపుదామని పెట్టినా. ఆ యమ్మ రేపు తీసుకుంటుందేమో అడుగు."

నేను ధనం వైపు చూశాను. ఫోన్ దగ్గరికి వంగి తనే చెప్పింది.

"పొద్దున ఎనిమిదికి పంపించండన్నా."

అప్పుడు తిన్నది మైసూర్‌పాక్. తిని, చెయ్యి తుడుచుకుని, సంచిలోంచి తన ఫోన్ తీసింది. విల్లుపురం నంబరు నొక్కి, మా అందరి ముందే నిలబడి మాట్లాడింది.

"అన్నా, రేపు లారీ తీసుకోని రావద్దండి. మిషన్ మీద పని ఉండాది."